కామ్‌రేజ్‌కు వెళ్లిన పావురాలు

ఇల్లు మారుతున్నామని తెలిసినప్పటి నుంచి మా బాపు సామాన్ల గురించి ఒక్క మాట అడగలేదు. బీరువా మెట్ల మలుపులో తిరుగుతుందా, మంచం విప్పాలా, ఇదంతా అమ్మకూ మా నరహరన్నకూ వదిలేశాడు. ఆయన దిగులంతా డాబా మీది నాలుగు పావురాల గురించే.

సూరత్‌లో, లింబాయత్ పేటలో మేమున్న ఇల్లు పాతది. కూలగొట్టి కొత్తది కడతానని ఇంటాయన చెప్పాడు. అన్న ఊరి బయట కామ్‌రేజ్‌లో రెండు గదుల ఫ్లాటు చూశాడు. మనుషులకు అందులో ఇబ్బందేమీ లేదు. కానీ పావురాన్ని ఎక్కడికి తీసుకుపోయి వదిలినా పుట్టిన గూటికే తిరిగొస్తుంది. కామ్‌రేజ్ దానికి ఒక దూరమే కాదు. తిరిగొస్తే ఇక్కడ గూడూ ఉండదు, డాబా కూడా ఉండదు. పైగా అది చలికాలం. పతంగుల పండుగ దగ్గర పడేకొద్దీ సూరత్ ఆకాశం నిండా రెక్కలు కోసే మాంజా దారాలే.

"నాలుగు పిట్టలకు గింత ఫికరా?" అంది అమ్మ, గిన్నెలు మూటగడుతూ. "నన్ను సిరిసిల్ల నుంచి తోలుకొచ్చిననాడు ఒక్కసారన్న అడిగినవా, రైల్ల జాగ దొరికిందా లేదా అని?"

"నువ్వు తిరిగి పోతవని భయం లేకుండె," అన్నాడు బాపు.

"పోయేదాన్నే. తొవ్వ తెల్వక ఉన్న."

మా బాపు పేరు రాజమల్లు. మీసాలు రాకముందే సూరత్ వచ్చి మరమగ్గాల ఖాతాలో చేరాడు. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఆ మోతలో ఇన్నేళ్లు నిలబడి ఆయన చెవులు సగం పోయాయి. ఇంట్లో మేమందరం గట్టిగా మాట్లాడతాం. పావురాల కువకువ ఆయనకు వినిపించదు. అందుకే పావురాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. దాని గొంతు చేతులకు తెలుస్తుందట.

ఖాతాలో ఆయనకు పేరు తెచ్చింది ముడి. తెగిన పోగును రెండు వేళ్ల మధ్య తిప్పితే చాలు, ముడి పడిపోతుంది. గుడ్డలో కనబడదు, మగ్గం ఎంత లాగినా ఊడదు. కొత్తవాళ్లను సేటు ఆయన పక్కనే నిలబెట్టేవాడు. ఆయన ఏ చొక్కా జేబు తడిమినా ఓ దారపు ముక్క దొరికేది.

సామాను తరలించే రోజు బాపు పావురాలకు గింజలు వేయలేదు. కడుపు నిండుంటే కుదుపులకు కక్కుతాయన్నాడు. వెదురు బుట్టలో అడుగున గోనెపట్టా పరిచి, నాలుగింటినీ కూర్చోబెట్టి, పైన తడిగుడ్డ కప్పాడు. టెంపోలో డ్రైవరు పక్కన బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా బుట్టను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు.

"కాకా, అందర్ అండే హై క్యా?" అని డ్రైవరు నవ్వాడు. లోపల గుడ్లున్నాయనుకున్నాడేమో.

ఒక్క ఈక రాలకుండా నాలుగూ కామ్‌రేజ్ చేరాయి. ఆ పూట బాపు ముఖం చూసి అమ్మ అన్నిటికంటే ముందు వాటికి నీళ్లు పెట్టింది.

కొత్త చోటికి తెచ్చిన పావురాలు ఆ చోటు అలవాటయ్యేదాకా ఎగరకుండా, పెంచేవాళ్లు వాటి రెక్కల ఈకలను దారంతో కడతారు. నూలు దారమైతే నలిగి నలిగి దానంతటదే తెగిపోతుంది. మా ఇంట్లో నూలు దారం ఎక్కడిది? బాపు జేబులో ఉన్నది పాలిస్టరు పోగు. సన్నగా, మెరుస్తూ, ఈకల మీంచి జారిపోతూ ఉంటుంది. జారకుండా బాపు రెక్క మొదట్లో ఇంకో చుట్టు తిప్పి తన ముడి వేశాడు. నాలుగింటికీ అలాగే. వాటిని బాల్కనీలో వదిలి, చేతులు దులుపుకుని, రాత్రిపాళీకి బస్సెక్కాడు.

బూడిద రంగు మీద నీలం జీర ఉన్న ఆడ పావురం ఒకటుండేది. దాన్ని నీలి అనేవాళ్లం. మొదట్లో అది రెక్క కిందికి ముక్కు దూర్చి ఏదో లాగుతూ ఉండేది. తర్వాత మానేసింది. మిగతా మూడూ గోడ వెంట తిరుగుతుంటే అది కుండీ పక్కన ముడుచుకుని కూర్చునేది.

"చూసినవా బిడ్డా," అన్నాడు బాపు నాతో, పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే. "గిది అందరికంటె ముందు ఇల్లు నేర్చుకున్నది. జర సుత పోరు పెడ్తలేదు."

నాకూ అలాగే అనిపించింది. అమ్మ దానికి వేరుగా జొన్నలు వేసింది.

ఒక పొద్దున అది జొన్నలు ముట్టలేదు. బాపు చేతుల్లోకి తీసుకుని కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు. రెక్క కిందికి వేలు పోనిచ్చి చూశాడు. అది లాగినకొద్దీ పోగు బిగిసి, ఈకల కింద చర్మంలోకి దిగిపోయింది. పోగుకు అవతలి రెక్క భాగం చల్లగా ఉంది. కత్తెర మొన అందులో దూరడానికి సందులేదు. ఖాతాలో అందరికీ ముడి నేర్పిన మనిషి తను వేసిన ముడిని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

పతంగుల రోజులు కాబట్టి మాంజాకు గాయపడిన పక్షుల కోసం రోడ్డు పక్కన ఒక టెంటు వేసి ఉంది. బాపూ నేనూ నీలిని తువ్వాలులో చుట్టి తీసుకుపోయాం. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక గుజరాతీ అమ్మాయి దాన్ని బల్ల మీద పెట్టించి, ఏ మాంజాలో చిక్కుకుందని హిందీలో అడిగింది. గాలిపటాలు ఎగరేసేవాళ్లను తిడుతూనే ఉంది.

"మాంజా నహీ, బేటీ. మైనే బాంధా," అన్నాడు బాపు. నేనే కట్టానని.

ఆ అమ్మాయి తిట్టడం ఆపింది. "ఇత్నా కస్‌కే?"

గట్టిగా కట్టలేదనీ, తన ముడి ఊడదనీ బాపు వచ్చిన హిందీలో చెప్పబోయాడు. డాక్టరు చూసి, రెక్క చివరి భాగం తీసేయాలి, బతుకుతుంది కానీ ఇక ఎగరదు అన్నాడు. నేను ఆ మాట బాపు చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది. టెంటులో అందరూ ఇటు తిరిగారు.

నీలిని టెంటులోనే ఉంచి ఇంటికొచ్చాక ఆయన కాళ్లు కడుక్కోకుండానే బాల్కనీలోకి పోయి మిగతా మూడింటి దారాలు కోశాడు. వాటికి దారం ఒరుసుకున్న గీతలే పడ్డాయి, ఇంకా గాయం కాలేదు.

"గిప్పుడే కోస్తె పోతయి గదయ్యా," అంది అమ్మ తలుపు దగ్గర నిలబడి.

"పోనియ్."

"ఎటు పోతయి? ఆడ ఇల్లున్నదా?"

బాపు కింద పడ్డ దారపు ముక్కలు ఏరసాగాడు. ఆయన నిజంగా వినలేదో, విన్నాడో మాకు తెలియలేదు. మర్నాడు పొద్దున మూడు పావురాలూ అపార్టుమెంటు మీద ఒక చుట్టు తిరిగి పడమటికి పోయాయి. బాపు రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. పిలవలేదు.

ఆ వారంలోనే ఆయన పాళీ దిగే వేళకు నేను బుట్ట పట్టుకుని ఖాతాకు పోతే, ఇద్దరం కలిసి లింబాయత్ వెళ్లాం. మా ఇంటికి ఆకుపచ్చ వల కట్టారు. డాబా లేదు. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద రెండు పావురాలు కూర్చుని ఉన్నాయి. మూడోది ఎంత చూసినా కనబడలేదు. వాటి తల మీద కరెంటు తీగలకు తెగిన గాలిపటాలు, దారాలు వేలాడుతున్నాయి.

బాపు నాలుకతో టకటక శబ్దం చేసి అరచేతిలో జొన్నలు పోసుకున్నాడు. రెండూ దిగి వచ్చాయి. ఒకదాన్ని పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు దానంతటదే రెక్క మొదటికి పోయింది.

"బాపూ, బుట్టల ఎయ్యి," అని అరిచాను.

"ఏస్తె మల్ల కట్టాలె బిడ్డా."

"కట్టకుండ బాల్కనికి జాలి ఏసి ఉంచుదాం."

"జాలి తీసిననాడు మల్ల గీడికే వస్తయి."

వదిలేశాడు. అది ఎగిరిపోలేదు, ఆయన మణికట్టు మీదికెక్కి గింజలు తింటూ ఉంది. ఎదురింటి పరుశురాం తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఆయనా బాపు ఖాతాలోనే పనిచేస్తాడు.

"జర పొద్దుగాల పొద్దుగాల ఇన్ని గింజలెయ్యి తమ్మీ. నేను తెచ్చిస్త," అన్నాడు బాపు.

పరుశురాం ఇబ్బందిగా తల గోక్కున్నాడు. బాపు చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పాడు. "మేం సుత ఖాళీ చేస్తున్నమే రాజన్నా. ఈ లైనంత కూలగొడ్తరట. వచ్చే నెల ఉన్ బస్తీ దిక్కు పోతున్నం."

బాపు తలూపాడు. చేతిలో మిగిలిన జొన్నలు ఎదురింటి అరుగు మీద పోశాడు.

"అయితె వచ్చే నెల దాకన్న ఎయ్యి," అన్నాడు.