కాటుక దిద్దిన ఓడ

ఓడను భోజనాల బల్ల మీంచి మంచం మీదకు, మళ్ళీ మంచం మీంచి బల్ల మీదకు చేర్చడంతో ఆ ఇంట్లో తెల్లవారేది. బల్ల తుడవడానికి ఆవిడ దించేది, ఆయన సణుక్కుంటూ ఎక్కించేవాడు. ఇప్పుడు సణిగే మనిషి లేడు. ఆవిడ ఓడ చుట్టూనే గుడ్డ తిప్పి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటోంది.

ఆయన్ని వీధంతా కెప్టెన్ అనేవాళ్ళు. చేసింది గడియారాల రిపేరు. లిఫ్టు ఎక్కితేనే కళ్ళు తిరిగే ఆ మనిషి మూరెడు చెక్క ఓడ కట్టబోయి, డెక్కు మీద సన్నటి చెక్కపట్టీలు సగం దాకా అతికించి, మిగతా సగం ఆవిడ నెత్తిన పెట్టి పోయాడు.

ఆడపడుచు వచ్చి, తమ్ముడి గుర్తుగా ఓడను తన షోకేసులో పెట్టుకుంటానంది. ఆవిడ బల్ల వైపు చూసింది. అది పోతే బల్ల మీద ఏముంటుంది, ఉప్పు డబ్బా తప్ప? కానీ పెద్దావిడకు ఎదురు చెప్పినవాళ్ళు ఆ ఇంట్లో లేరు, కెప్టెనైతే ఏనాడూ చెప్పలేదు.

"సగం సగం వస్తువు మాత్రం పట్టుకెళ్ళనమ్మాయ్. నలుగురూ వచ్చే ఇల్లు. డెక్కు పూర్తయ్యాకే," అందామె.

పరాయి చెయ్యి పడటం ఇష్టంలేక ఆవిడే కూర్చుంది. పట్టీ అంచుకు పెన్సిలు నలుపు రుద్ది అతికిస్తే, నిజం ఓడలో తారు పూసిన సందులా కనబడుతుందని ఆయన చెప్పేవాడు. పెన్సిలు దొరకలేదు. కాటుక డబ్బీ దొరికింది. నలుపు నలుపే కదా అని పసిపాపకు దిద్దినట్టు దిద్ది, జిగురు రాసి, పైన పప్పు డబ్బాలు, ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టింది. ఓడ సరుకు వేసుకుని బయల్దేరేలా ఉంది.

ఆదివారం వచ్చిన ఆడపడుచు ముచ్చటపడి డబ్బాలు తీసింది. కాటుకలో నూనె ఉంటే జిగురేం పడుతుంది? ఆవిడ అతికించిన పట్టీలన్నీ పిలిచినట్టు లేచి కూర్చున్నాయి. ఒకటి ఆమె చేతికే అంటుకుంది. చిరాగ్గా ఆ చేత్తోనే మూతి తుడుచుకుందేమో, ముక్కు కింద నల్లటి మీసం మొలిచింది.

ఆవిడ ఆ మీసం వంకే చూసింది. "వదినా, అచ్చం ఆయనే," అంది.

ఆడపడుచు అద్దంలో చూసుకుని ముందు నవ్వింది, తర్వాత చాలాసేపు కళ్ళొత్తుకుంది. ఇద్దరూ ఓడ ఎత్తి దులిపితే, పొట్టలోంచి ఆయన పెన్సిలు ముక్క దొర్లిపడింది.

ఆవిడ పట్టీలు శుభ్రం చేసి, ఆ పెన్సిలు నలుపే రుద్ది, మళ్ళీ అన్నీ అతికించింది. ఒక్కటి తప్ప. అది ఉప్పు డబ్బా పక్కనే, అందరికీ కనబడేలా ఉంది.

మరో ఆదివారం ఆడపడుచు వచ్చి, డెక్కు పూర్తయిందా అని అడిగింది.

"ఇంకా ఒక్క పట్టీ ఉంది వదినా."

పెద్దావిడ పట్టీని చూసింది, మరదల్ని చూసింది. కుర్చీ లాక్కుని, "తొందరేముందిలే, టీ పెట్టు," అంది.