సల్వా ఇంట్లో కత్తి బొమ్మ

మొన్న, కాలేజీలో చిత్రకళ చదువుతున్న మా మనవరాలు పుస్తకం తెరిచి ఒక పటం చూపించి, దీన్ని బరోక్ శైలి అంటారవ్వా అని చెబుతుంటే, ఎప్పుడో మరిచిపోయాననుకున్న కువైట్ ఇంటి పటం మళ్లీ నా కళ్ల ముందుకు వచ్చింది.

ఎనభైల మొదట్లో, పాలు మరవని కూతుర్ని మా అక్క దగ్గర వదిలి, కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లి, అక్కడి సల్వా అనే పేటలో ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో పనికి కుదిరాను. వాళ్ల హాల్లో నిలువెత్తు పటం ఒకటి ఉండేది. చుట్టూ కటిక చీకటి. బైబిల్ కథలోని ఒక ముసలి తండ్రి, దేవుడికి బలివ్వడానికి సొంత బిడ్డ తలను రాతికి అదిమిపట్టి కత్తి ఎత్తి ఉంటాడు. వెలుతురంతా ఆ బిడ్డ గొంతు మీదే. రోములో పుట్టిన ఈ బొమ్మలు గీసే పద్ధతి స్పెయిన్‌కూ జర్మనీకీ యూరప్ అంతటికీ పాకిందనీ, చదువురానివాళ్లు కూడా చర్చిలో నిలబడి భయపడాలనీ, ఏడవాలనీ అలా గీసేవారనీ మేడమ్ చెప్పేది. నేనూ చదువురానిదాన్నే, భయపడ్డాను. దుమ్ము తుడిచేటప్పుడు కళ్లు మూసుకునేదాన్ని. తెరిస్తే ఆ బిడ్డ ముఖంలో నా కూతురే కనిపించేది. రాయచోటి పక్కనుంచి వచ్చిన డ్రైవరన్న మాత్రం, "బొమ్మకు బయపడితే ఎట్లమ్మా, ఈడ బయపడాల్సినవి శానా ఉండాయి" అనేవాడు.

ఒక మధ్యాహ్నం మేడమ్ డ్రైవరన్నతో బజారుకు వెళ్లిన కాసేపటికే ఎర్రటి దుమ్ము తుఫాను కమ్మి, కరెంటు పోయింది. నేను నిద్రపుచ్చిన వాళ్ల చిన్నపాప మంచంలో లేదు. వీధి తలుపు గాలికి కొట్టుకుంటోంది. బయటికి పరుగెత్తి పిలిస్తే నోటినిండా ఇసుక. పరాయి దేశంలో పరాయి బిడ్డను పోగొట్టాననుకున్నాను. గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చి చూస్తే, పాప ఆ పటం కిందే కూర్చుని ఉంది. హత్తుకుని ఏడుస్తుంటే, మా దగ్గర నేర్చుకున్న వచ్చీరాని హిందీలో నన్నే ఓదార్చింది: "ఏడవకు ఆయా. చూడు, దేవదూత తాత చెయ్యి పట్టేసుకున్నాడు. ఇంక కొయ్యడు."

తలెత్తి చూశాను. నిజంగానే బొమ్మలోని చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆ ముసలాయన మణికట్టును బిగించి పట్టుకుని ఉంది. అన్నాళ్లూ కత్తినే చూసి, ఆ చేతిని చూడనేలేదు. భయం పూర్తిగా పోలేదు గానీ, ఆ తర్వాత కళ్లు తెరిచే తుడిచాను.

ఇప్పుడు కువైట్‌లో ఉన్న మా చెల్లెలి కోడలు, వంట చేస్తూనే ఇక్కడున్న తన బిడ్డ అన్నం తినడం ఫోనులో చూసుకుంటుంది. మా కాలంలో ఊరికొచ్చే ఎవరి చేతికో ఇచ్చి పంపుకున్న క్యాసెట్లలోనే ఒకరి గొంతు ఒకరికి. నా కూతురు అమ్మా అని పిలిచిన క్యాసెట్టు నా దాకా వచ్చేసరికి, అక్కడ దాని గొంతే మారిపోయి ఉండేది.