పట్టపగలే కావాలన్న రత్నమాల

రత్నమాల ముచ్చట ఊరికి తెలియకుండా దాచే వీలే లేకపోయింది. సిరిసిల్లలో పాతికేళ్ళు సాంచాల మధ్య నిలబడి బట్ట నేసినవాడికి చెవులేం మిగులుతాయి? ఆ మరమగ్గాల మోతకు ఎల్లేశం కుడి చెవి మొత్తం పోయింది, ఎడమ చెవి సగం పోయింది. అతనికి ఒక మాట చెప్పడమంటే ఊరందరికీ చెప్పడమే. "తిన్నవా?" అని ఆమె గట్టుమీద నుంచి అడిగిందంటే, పక్క మిరపచేన్లో కూలికొచ్చిన ఆడవాళ్ళు "ఆఁ, తిన్నమే!" అని జవాబిచ్చి పకపకా నవ్వేవాళ్ళు.

ఇంతకూ ఆ ఇద్దరూ ఎవరంటారా? రత్నమాల పుట్టింది వీర్నపల్లి దగ్గరి ఊళ్ళో, తాళ్ళు గీసి కల్లు దించే ఇంట్లో. ఎల్లేశం వాళ్ళదీ అదే పని, అదే ఊరు. ఆమెకు పద్దెనిమిది నిండగానే రెండిళ్ళవాళ్ళూ మాట్లాడుకున్నారు, పూలూ పండ్లూ పెట్టుకున్నారు. లగ్గం ఇంకొన్నాళ్ళుందనగా ఎల్లేశం తాటిచెట్టు మీది నుంచి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. మనిషి బతికాడు, కానీ చెట్టెక్కే కాలు పోయింది.

"చెట్టెక్కలేనోనికి పిల్లనిచ్చి ఏం తినుమంటరు?" అన్నాడు రత్నమాల తండ్రి. ఆ ఏడు దాటకముందే బీర్పూర్ వైపు సంబంధం ఖాయం చేశాడు. పిల్లను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచను కూడా తోచలేదు.

మొగుడు మంచివాడే. కొట్టలేదు, తిట్టలేదు, ఎక్కువ మాట్లాడనూ లేదు. పెళ్ళయిన రెండేళ్ళకు మస్కట్ పోయాడు, చుట్టపు చూపుగా వచ్చిపోతూ ఉండేవాడు. ఒకసారి గుండె ఆగి పెట్టెలో వచ్చాడు. అప్పటి నుంచి కొడుకు అక్షయ్‌ను, అత్త లసుమవ్వను, ఎకరన్నర పసుపు చేనును రత్నమాలే మోసుకొచ్చింది. పసుపు లేని కాలంలో బీడీలు చుట్టింది. ఊళ్ళో లగ్గాలైతే వంటచేసే దగ్గర కూర్చునేది. పెళ్ళిపిల్లకు పసుపు పెట్టే దగ్గరికి ఆమెను పిలిచేవాళ్ళు కాదు. ఆ పసుపు మాత్రం ఆమె చేన్లోదే.

ఎల్లేశం కుంటుకుంటూనే సిరిసిల్ల చేరాడు, సాంచాల పని పట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు. భార్య జబ్బుతో పోయాక, కోరుట్లలో ఉండే బిడ్డ నవ్య దగ్గరికి వచ్చాడు. అల్లుడు పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఒకటి కొన్నాడు. దాన్ని ట్రాక్టరుకు తగిలించుకుని ఊరూరా తిరిగి కొమ్ములు ఉడికించే పనిలో మామ కూడా దిగాడు.

ఆ బాయిలర్ ఒక మాఘమాసపు పొద్దున రత్నమాల చేన్లోకి వచ్చింది. పొగలో నుంచి కుంటుతూ వస్తున్న మనిషిని చూసి రత్నమాల చేతిలో గంప దించింది.

"నువ్వు ఎల్లేశం బావవు కావా?"

"ఆఁ?"

"ఎల్లేశం బావవా అంటున్న!"

"ఆఁ?"

మూడోసారి ఆమె కడుపులోంచి అరిచింది. కొమ్ములు ఏరుతున్న ఆడవాళ్ళంతా నడుములు ఎత్తి చూశారు. ఎల్లేశం దగ్గరికొచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని మొహంలోకి చూశాడు.

"రత్నమాలవా? గింత ముసలిదానివైనవేందే!"

"నువ్వు పడుసు పోరగాని లెక్కున్నవు తియ్యి!"

చెవిటివాళ్ళు కూడా గట్టిగానే మాట్లాడతారు కదా. ఆ రోజు ఊళ్ళో పొయ్యి రాజేసే వేళకు ఈ రెండు మాటలూ ప్రతి ఇంట్లోకీ చేరాయి.

పసుపు ఉడికింది, కల్లంలో ఆరబోశారు. బాయిలర్ పోయింది. ఎల్లేశం మాత్రం జగిత్యాల మీదుగా బస్సు మారి మళ్ళీ వచ్చాడు. ఫోన్లో అతనికి వినపడదు కాబట్టి ఏ మాటకైనా మనిషి రావాల్సిందే. మొదటిసారి కొమ్ములు ఆరాయో లేదో చూడ్డానికి వచ్చానన్నాడు. రెండోసారి గొడుగు మరిచిపోయానన్నాడు. వానా లేదు, గొడుగూ లేదు. మూడోసారి ఏ సాకూ చెప్పలేదు. కల్లం గట్టుమీద కూర్చుని, ఎండలో పచ్చగా పరుచుకున్న కొమ్ముల్ని చేత్తో తిరగేస్తూ, "నాతోని ఉంటవా?" అన్నాడు.

మిరపచేను మొత్తం ఊపిరి బిగబట్టింది.

"ఉంట!" అంది రత్నమాల. ఆమె మెల్లగా చెప్పి ఉంటే మళ్ళీ చెప్పాల్సి వచ్చేది.

ఇంటికి పోయేసరికి అక్షయ్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళవాడు, ట్రాక్టర్ నడుపుతాడు, సంబంధాలు చూస్తున్నారు.

"అమ్మా, చేన్ల ఏందది? నాకు పిల్లనెవరిస్తరే?"

"నీ అమ్మ లగ్గం చేసుకుంటె నీకు పిల్లనియ్యరా? గసొంటోళ్ళ పిల్ల మనకెందుకురా!"

"నవ్వుతరే!"

"ఇన్నొద్దులు ఒక్కదాన్నే ఏడ్చిన. అప్పుడెవ్వలు నవ్వలే, ఏడ్వలే. గిప్పుడు నవ్వనియ్యి."

మాట కులపెద్ద దేవేందర్ దగ్గరికి పోయింది. దేవేందర్ చెడ్డవాడు కాదు. అందుకే అతనితో కొట్లాట కష్టం. వేపచెట్టు కింద నలుగురిని కూర్చోబెట్టి, ఎల్లేశాన్ని కూడా పిలిపించి, నిమ్మళంగా చెప్పాడు.

"సూడు కోడలా. మారుమనువు మన కులంల లేనిది కాదు. మేం కాదంటలేం. కని దానికో పద్ధతున్నది. ఊరు పండుకున్నంక, దీపం లేకుండ, డప్పు లేకుండ, ఊరెనుక పుస్తె కట్టిస్తం. కోడి కూయకముందే ఊరు దాటి పోవాలె. తెల్లారి పెద్దపొద్దయ్యే దాంక ముత్తైదువుల కండ్ల పడొద్దు. గంతే. ఎన్కట నుంచి గిట్లనే."

నలుగురూ తలలూపారు. అక్షయ్ ముఖంలోకి కూడా కొంత రక్తం వచ్చింది. చీకట్లో జరిగితే ఎవరు చూడొచ్చారు? ఎల్లేశం సగం విని, అందరూ ఊపుతున్నారు కదా అని తనూ తల ఊపాడు.

"నేనేమన్న ఎవ్వలింట్లనన్న దొంగతనం చేసిన్నా మామా?" అంది రత్నమాల.

"గదేం మాటనే?"

"మరి చీకట్ల ఎందుకు కట్టించుకోవాలె? ఊరెందుకు దాటాలె? నా చేను ఈడ, నా పసుపు ఈడ, నేనెటు పోత?"

అప్పటిదాకా వేపచెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకున్న లసుమవ్వ నోరు విప్పింది. ఎనభై దాటిన మనిషి, చూపు మందగించింది గానీ నాలుక మందగించలేదు.

"నన్ను గట్లనే చేసిన్రు పిల్లా. నీ మామకు నేను రెండోదాన్ని, నాకాయిన రెండోడు. చీకట్ల చీర కట్టిన్రు, నోరు మూసి తోల్కొచ్చిన్రు. మూడొద్దులు మూల కూసున్న. ఏమన్న అరిగిపోయిన్నా? నీకేం పుట్టింది?"

ఆ సంగతి రత్నమాలకు అంతవరకూ తెలియదు. ముప్పై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నారు, లసుమవ్వ ఎన్నడూ నోటి నుంచి రానివ్వలేదు. ఇంటికి పోయే తోవలో రత్నమాల ఆలోచించింది అదే. ఏమీ అరిగిపోకుంటే, ఇన్నేళ్ళు ఎందుకు దాచినట్టు?

బస్సు దగ్గర ఎల్లేశంతో కొట్లాట అయింది. అందరి ముందరే, ఇంకెలా అవుతుంది!

"చీకట్లైతే ఏందే? మనమిద్దరం ఒక్కదగ్గర ఉంటమా లేదా? గదే కావాలె నాకు," అన్నాడు ఎల్లేశం.

"నాకు గదొక్కటే సాలది బావా. మొదటి లగ్గం నన్ను అడగకుండ చేసిన్రు. గీ లగ్గం నేను అడిగి చేసుకుంటున్న. మొఖం దాసుకునే లగ్గమైతే నాకొద్దు."

"గీ వయసుల గింత మొండితనమా?"

"వయసున్నప్పుడు సప్పుడు చెయ్యకనే గిట్లయింది. ఎక్కు, బస్సు పోతది!"

అతను ఎక్కాడు. బస్సు పోయింది. తరువాతి వారం గడిచింది, ఆ పై వారమూ గడిచింది, మనిషి రాలేదు. కూలి ఆడవాళ్ళు కూడా నవ్వడం మానేశారు. "ఓ అక్కా, చీకట్లనన్న కానియ్యరాదు, మనిషి చేయి జారిపోతడేమో," అని ఒకామె చెవిలో చెప్పింది. రత్నమాల కొమ్ములు తిరగేస్తూ పోయింది. రాత్రయితే నిద్ర పట్టకపోయేది. ఒక్క తల ఊపితే మనిషి వస్తాడు, ఇంట్లో పోరు తీరుతుంది. ఊపితే మాత్రం, బతికినన్నాళ్ళూ అందరి ముందూ తల దించుకోవాలి. ఈ రెంటి మధ్యా నలిగింది. ఊపలేదు.

చివరికి తనే చీర మార్చుకుని పొద్దుటి బస్సెక్కింది. కోరుట్లలో దిగి షేర్ ఆటోలో నవ్య ఇంటికి పోయింది. ఎల్లేశం వాకిట్లో బాయిలర్ గొట్టం తుడుస్తున్నాడు. రత్నమాల లోపలికి పోలేదు, మంచినీళ్ళు అడగలేదు. గేటు దగ్గరే నిలబడి వాడకట్టంతా వినేట్టు చెప్పింది.

"వచ్చే శుక్రవారం. పగటీలి. నా కల్లంల. నువ్వొస్తే లగ్గం. రాకుంటె వండిన అన్నం నలుగురికి పెట్టి పంపిస్త, వచ్చే ఏడు బాయిలర్ వేరేటోళ్ళది పిలుస్త!"

నవ్య లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. ఎల్లేశం చేతిలోని గుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"నాయినా, ఏదన్న చెప్పరాదే!" అంది నవ్య ఏడుపూ నవ్వూ కలిపి.

"డప్పు చెప్పినవా?" అన్నాడు ఎల్లేశం రత్నమాలతో. "పెద్దగ కొట్టెటోళ్ళను చెప్పు. చిన్న సప్పుడు నాకు ఇనపడది."

రత్నమాల అప్పుడు మంచినీళ్ళు అడిగింది.

ఆ మాట దేవేందర్‌కు చేరింది. అతను డప్పు కొట్టే సాయిలును పిలిపించి, "గా లగ్గానికి పోవద్దు," అన్నాడు. సాయిలు తువ్వాల భుజం మార్చుకుని, "మీ కులం కట్టు మీకు పటేలా. మాకేం కట్టు? పిలిచినోళ్ళింటికి పోతం, కొడతం," అనేసి వచ్చాడు. దేవేందర్‌కు ఇంక చెయ్యగలిగింది ఏమీ లేక, తన ఇంటివాళ్ళు పోవద్దని మాత్రం చెప్పాడు.

శుక్రవారం వచ్చింది. అక్షయ్ తల్లితో మాట్లాడక నాలుగు రోజులైంది. ఆమె రమ్మని బతిమాలలేదు. వెచ్చాలు తెచ్చి, వంటకు మనిషిని పెట్టి, పసుపుపచ్చ చీర కట్టుకుని కల్లానికి పోయింది. వస్తారో రారో అనుకున్న కూలి ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. "మా ముందట మొదలైన ముచ్చట, మేం లేకుండెట్లయితది?" అని వాళ్ళే ఆమె మొహానికి పసుపు పెట్టారు. వాళ్ళలో మొగుడున్నవాళ్ళూ ఉన్నారు, లేనివాళ్ళూ ఉన్నారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని ఎవరూ చూడలేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక, నవ్య పక్కన నిలబడగా ఎల్లేశం పుస్తె కట్టాడు. ముడి జారింది. "సాంచాల మీద గన్ని పోగులు ముడేసినవు, గిదొక్కటి పడ్తలేదా!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు, అతనికి వినపడకపోయినా అతనూ నవ్వాడు.

ఇక ఇంటికి పోవాలి. చుట్టుతోవ ఉంది, చేలగట్ల మీదుగా. రత్నమాల నడివీధిలోకే తిరిగింది. డప్పులు ముందు, వాళ్ళిద్దరూ వెనక, ఆ వెనక కూలి ఆడవాళ్ళు. కొన్ని తలుపులు మూసుకున్నాయి. మూసుకున్న తలుపుల సందుల్లో కళ్ళున్నాయి. దేవేందర్ అరుగు మీద కూర్చుని చేతిలో ఫోన్ చూస్తూ ఉండిపోయాడు.

తన ఇంటి మలుపు దగ్గర రత్నమాల ఆగింది. తోవకు అడ్డంగా నులకమంచం వేసి ఉంది. దాని మీద లసుమవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన అక్షయ్, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచం మోసుకొచ్చి వేసింది వాడే. సాయిలు డప్పు ఆపాడు. డప్పు ఆగడం ఎల్లేశానికి కూడా తెలిసింది, రత్నమాల చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తా," అంది రత్నమాల, "నువ్వు అడ్డమున్నా నేను ఇంటికే పోత. ఎన్కకు పోను."

"ఎన్కకు ఎవ్వలు పొమ్మన్నరే?" లసుమవ్వ కళ్ళు చికిలించి ముందుకు వంగింది. "పిల్లగాడెవ్వడు, ఇటు రమ్మను. కనపడ్తలేదు."

"అవ్వా!" అన్నాడు అక్షయ్. "ఆపుతానన్నవు కదనే!"

"నేనెప్పుడన్న రా? తోవల అడ్డం మంచమెయ్యుమన్న. ఇంట్ల కూసుంటె గోడ అడ్డమస్తది, నాకేం కనపడది. నువ్వే ఏదో అనుకున్నవు." ఆమె ఎల్లేశం మొహాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు తడిమి చూసింది. "బాగనే ఉన్నడు. పండ్లు గూడ ఉన్నయి. ఓ సాయిలూ, నీ డప్పుకేమైందిరా, సచ్చిందా?"

"మంచం అడ్డమున్నది కదనే అవ్వా, ఎట్ల పోవాలె?"

"నేనైతే దిగ. ఒరేయ్ అక్షయ్, జరుపు!"

అక్షయ్ తల్లి మొహం చూశాడు. ఆమె పసుపు మొహం ఎండకు చెమటపట్టి మెరుస్తోంది. ఆమె చూపు తిప్పుకోలేదు, బతిమాలనూ లేదు. వాడు వంగి మంచం కోళ్ళు పట్టుకుని, నాయనమ్మతో సహా ఈడ్చుకుంటూ గోడవారకు జరిపాడు. నడుం లేపలేక "అబ్బా" అన్నాడు.

"మెల్లగరా, పడేస్తవు!" అని అరిచింది లసుమవ్వ.

సాయిలు డప్పు ఎత్తాడు. రత్నమాల కొడుకు పక్కనుంచి నడుస్తూ, ఆగకుండా, "అన్నం తిందువు రా," అంది.