ఉత్తరానికి తిరిగిన డిష్

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఇది ముందే చెప్పేస్తున్నాను. పొదిలిలో మా ఇల్లు కబరస్తాన్ గోడకి ఆనుకునే ఉంటుంది. చిన్నప్పుడు ఆ గోరీల మధ్యే గోళీలాడుకున్నాం. ఇరవై రెండేళ్ళుగా డిష్‌లు బిగిస్తున్నాను. మనుషులు వదిలేసి పోయిన ఇళ్ళ డాబాలు ఎన్ని ఎక్కానో లెక్కలేదు. ఎక్కడా ఏదీ కనపడలేదు. కనపడినా కూర్చుని పలకరించే ఓపిక నాకు లేదు.

ఈ సంగతి కూడా చెప్పాలని లేదు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. నేను ఏదో మంత్రం చదివానని కూడా చెప్పుకుంటున్నారట. అందుకే జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాసి పడేద్దామని కూర్చున్నాను.

యేసోబు నాతో పదో తరగతి దాకా చదువుకున్నవాడు. మా వైపు అంతా మెట్ట. అందుకని గుంటూరు వైపు వెళ్ళి నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తున్నాడు. కాయ కోత మొదలైందంటే అతనూ, భార్య రూతమ్మా ఊళ్ళో ఇంటికి తాళం వేసి కల్లంలోనే కాపురం. చేను పక్కన కాయలు ఆరబోసే జాగాని కల్లమంటాం. మంచు పడితే పట్టాలు కప్పాలి, పొద్దెక్కాక తీసి తిరగబొయ్యాలి. వదిలి వెళ్తే ఎవడో ఒకడు గోతాలకెత్తుకుపోతాడు. కాబట్టి టార్పాలిన్ డేరా వేసుకుని రెండు మూడు నెలలు తిండీ నిద్రా అక్కడే.

"ఒరేయ్ మస్తానూ, ఈ ఘాటులో ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటా కూచుంటే పిచ్చెక్కుతందిరా. చేలో ఫోనుకి సిగ్నలే ఉండదు. ఒక డిష్ తెచ్చి తగలెయ్యరా!" అని, ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి నా ప్రాణం తీశాడు.

గోడా లేదు, డాబా లేదు, డిష్ దేనికి బిగిస్తాం? ఇనప పైపుతో మూడు కాళ్ళ స్టాండు ఒకటి చేయించాను. బ్యాటరీ మీద నడిచే చిన్న టీవీ సంపాదించాను. కిందటేడు, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజుల్లో, అవన్నీ బస్సులో వేసుకుని వెళ్ళాను. కల్లం చేరేసరికి పదకొండైంది. నడుం విరిగిపోయింది.

యేసోబు లేడు. రూతమ్మ కాయలు తిరగబోస్తోంది. "పైచేనుకి మందు కొట్టి, అట్నుంచి అటే ఊళ్ళోకి పోయి మంచినీళ్ళ క్యాన్ తెస్తానన్నాడన్నా. ఇంకాసేపట్లో వచ్చేస్తాడు" అంది. పైచేను అంటే కల్లానికి ఉత్తరాన ఉన్న ఎకరం ముక్క. అటు చూశాను. నడుం ఎత్తు మొక్కలు, మనిషి అలికిడి లేదు. మందు కొట్టడం అయిపోయి ఊళ్ళోకి వెళ్ళాడనుకున్నాను.

స్టాండు కాళ్ళ మీద మట్టి నింపిన గోతాలు పెట్టి పని మొదలుపెట్టాను. మా ప్రాంతంలో డిష్ దక్షిణానికి తిప్పి, మొహం బాగా పైకెత్తాలి. ఉత్తరాన మనకి పనికొచ్చే ఉపగ్రహమేదీ లేదు. ఇది నా నమ్మకం కాదు, ఎవర్నయినా అడగండి. మా పనిలో ఒకరు డిష్ దగ్గర, ఒకరు టీవీ దగ్గర ఉంటారు. డిష్‌ని వెంట్రుకవాసి కదిపినప్పుడల్లా టీవీ దగ్గరున్న మనిషి తెర మీద కనపడే సిగ్నల్ అంకె అరిచి చెప్పాలి. ఆ రోజు అరిచే పని రూతమ్మది.

"సున్నా అన్నా!"

ఇంకాస్త తిప్పాను.

"సున్నానే!"

గంట సేపు అదే మాట. వైరు మార్చాను. డిష్ ముందుండే ఎల్ఎన్‌బీ మార్చాను. కళ్ళు మూసుకుని చేసే పనికి గంట పట్టడం నాకు సిగ్గుగా కూడా అనిపించింది. మిరప ఘాటుకి తుమ్ములు, నెత్తిన ఎండ. చివరికి విసుగెత్తి, మొత్తం విప్పి మొదట్నుంచీ బిగిద్దామని నట్లన్నీ వదులు చేశాను. డిష్ గిర్రున తిరిగి, తల వాల్చేసి, ఉత్తరాన పైచేను వైపు మొహం పెట్టి ఆగింది.

"వచ్చింది! వచ్చిందన్నా! తొంభై! ముట్టుకోబాకు!"

నవ్వొచ్చింది. ఈ అమ్మ ఏం చూసి చెబుతోందో అనుకుంటూ డేరాలోకి వెళ్ళాను. తెర మీద తొంభై రెండు. ఛానల్ పెట్టి చూశాను. ఎవరో వంకాయ కూర వండుతున్నారు. బొమ్మ అద్దంలా ఉంది, శబ్దం మాత్రం లేదు.

నేను మెకానిక్‌ని, నోరు తెరుచుకుని నిలబడలేదు. అన్నం గిన్నె మీద మూత తీసుకెళ్ళి డిష్ ముందు అడ్డం పెట్టాను. బొమ్మ పోయిందని రూతమ్మ అరిచింది. మూత తీశాను, వచ్చిందంది. మూడుసార్లు చేశాను. అంటే బొమ్మ అటునుంచే వస్తోంది. చేలో ఏ రేకు ముక్కో ఉండి, దానికి తగిలి వస్తోందనుకున్నాను. నిజానికి అలా రాదని నాకు తెలుసు, అయినా ఆ క్షణాన ఇంకేం తోచలేదు. ఆ రేకేదో చూద్దామని డిష్ చూపిస్తున్న వైపు తిన్నగా నడిచాను.

నూటయాభై అడుగులు కూడా వెయ్యలేదు. రెండు సాళ్ళ మధ్య యేసోబు బోర్లా పడి ఉన్నాడు.

వీపున మందు ట్యాంకు అలాగే ఉంది. మూత సరిగా బిగించలేదేమో, మందు కారి చొక్కా మొత్తం తడిసిపోయింది. నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట, చేతివేళ్ళు కొట్టుకుంటున్నాయి. అక్కడ రేకు లేదు. ఇనప ముక్క కూడా లేదు. ట్యాంకు ప్లాస్టిక్‌ది.

నేను అరిచిన అరుపుకి రూతమ్మ పరిగెత్తుకొచ్చింది. "ప్రభువా, ప్రభువా" అంటూనే అతని చొక్కా చింపేసి, బిందెలతో నీళ్ళు తెచ్చి కుమ్మరించింది. పక్క చేను వాళ్ళ ట్రాక్టర్ మీద వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని "ఊళ్ళో ఉన్నాడనుకున్నానే" అని ఒకటే మాట. ఇంకో అరగంటైతే తీసుకొచ్చినా లాభముండేది కాదని డాక్టరు గారు చెప్పారు. మూడో రోజుకి యేసోబు నన్ను గుర్తుపట్టాడు.

మర్నాడు సామాను కోసం కల్లానికి వెళ్ళాను. డిష్ అలాగే ఉత్తరానికి తల వాల్చి ఉంది. టీవీ పెడితే సున్నా. దక్షిణానికి తిప్పాను, రెండు నిమిషాల్లో బొమ్మా శబ్దం రెండూ వచ్చాయి. అదే స్టాండు, అదే వైరు, అదే జాగా.

ఆ తర్వాత నా బతుకు చూడాలి. తప్పిపోయిన గేదెని వెతికిపెట్టమని ఒకాయన, అలిగి వెళ్ళిపోయిన తమ్ముడు ఎటు పోయాడో చూడమని ఇంకొకాయన. "అయ్యా, నేను పాటలూ సీరియళ్ళూ వచ్చేట్టు చేసేవాణ్ణి" అంటే వినరు. గేదె కోసం మాత్రం, పోరు పడలేక, ఓసారి తిప్పాను. ఏమీ రాలేదు. గేదె దానంతటదే ఇంటికొచ్చింది.

ఈ ఏడు కోతలప్పుడు యేసోబుని చూసొద్దామని మళ్ళీ కల్లానికి వెళ్ళాను. మనిషి చిక్కాడు, చేతులు కొంచెం వణుకుతున్నాయి, అయినా మందు కొట్టడానికి వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు? డేరా ముందు డిష్ పైచేను వైపు తిరిగి ఉంది. టీవీ నడుస్తోంది, తెర నల్లగా ఉంది, సిగ్నల్ లేదన్న అక్షరాలు తప్ప ఇంకేం లేవు. రూతమ్మ దాని ఎదురుగా కూర్చుని కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది.

గాలికి తిరిగిందేమో అనుకుని సరిచేద్దామని దాని దగ్గరికి వెళ్ళాను.

"ముట్టుకోబాకన్నా. ఆయన మందు కొట్టేటప్పుడు నేనే అటు తిప్పి పెడతా" అంది.

"అటు పెడితే బొమ్మ రాదమ్మా."

"రాకూడదనే గదన్నా చూస్తన్నా."

ఆ రోజు ఏం జరిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. నేనూ ఆమె పక్కనే గోతాం పరుచుకుని కూర్చున్నాను. యేసోబు ఖాళీ ట్యాంకుతో గట్టెక్కి వచ్చేదాకా ఇద్దరం ఆ నల్ల తెర కేసే చూస్తూ ఉండిపోయాం.