తవ్వకముందే పదును చెప్పిన రజియా మేడం

మొన్న మా కోడలు పూలకుండీల కోసం తెచ్చిన నల్లమట్టిలో పురుగులున్నాయని దాన్ని పెనం మీద వేయించింది. కాలిన మట్టి వాసన వంటింట్లోంచి వచ్చి నన్ను ఎనభైల నాటి ఎమ్మిగనూరుకు లాక్కెళ్లింది. అక్కడి మా వ్యవసాయ ఆఫీసులో ఎప్పుడూ ఇదే వాసన. పొలాల నుంచి మట్టి తెచ్చి, తూకం వేసి, వేడిపెట్టెలో ఆరబెట్టి, మళ్లీ తూచేవాణ్ణి నేను. తగ్గిన బరువే నేలలోని పదును, అంటే తడి. మట్టి మోసింది నేనైతే, పేరు మాత్రం రజియా మేడంది.

ఆమె ఆదోని పత్తి వ్యాపారుల ఇంటి పిల్ల. వయసులో నాకంటే చిన్నది, ఉద్యోగంలో పెద్దది. కురిసిన వాన, ఆవిరైన నీళ్లు, పైరు తాగింది, నేల పట్టి ఉంచుకోగలిగింది అన్నీ కూడి, తీసివేసి, ఏ ఊరి చేలకు ఎప్పుడు కరువు తగులుతుందో కుర్చీలోంచి లేవకుండా చెప్పేది. దాన్ని మోడల్ అనేది. నాకు ఒళ్లు మండేది. మద్దికెర రైతుబిడ్డను, మన్ను తొక్కుతూ పెరిగినవాణ్ణి. నాకు తెలియనిది ఈమెకెలా తెలుస్తుంది?

పైగా ఆమెకొక పద్ధతి. మట్టి తీసే గొట్టం భుజాన వేసుకుని నేను బయల్దేరితే ఆపేది.

"లింగప్పా, ఆ చేన్లో పదును ఎంతుంటాదో సెప్పిపో."

"తవ్వితే తెలుస్తాది కదా మేడం."

"తవ్వినాక ఎవురైనా సెప్తారు. తవ్వకముందే సెప్పు."

నేనొకటి చెప్పేవాణ్ణి, ఆమె ఇంకొకటి. చాలాసార్లు ఆమెదే నిజమయ్యేది. గెలిచినా నవ్వేది కాదు. అది ఇంకా మంట.

ఒక ఏడు ఆస్పరి చేలల్లో జొన్న పచ్చగా నిలబడింది. ఆఫీసంతా ఈసారి గండం గడిచిందనుకుంది. ఆమె మాత్రం, "కింద ఎండిపోయింది. ఉన్న కాస్త తడీ పోకుండా ఇప్పుడే గుంటక తోలి నేల నెర్రెలు మూయకుంటే కంకి పట్టదు" అంది. తడి ఉంటుందని నేను గట్టిగా చెప్పి బయల్దేరాను. దారి పొడుగునా ఆమె లెక్క తప్పాలనే కోరుకున్నాను.

మేడం లెక్క చెప్పగానే హుసేనప్ప అనే రైతు తన చేనిగట్టు మీదే నన్ను ఎగతాళి చేశాడు.

"తీసేకి కలుపే లేదు, గుంటక ఎందుకు తోలల్లన్నా? పైరు పచ్చగుండాది, కండ్లు కనపడల్యా?"

గొట్టం దించాను. పైమట్టి చల్లగా ఉండ కట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా దించాను. మోచేతి లోతున పొడి రాలింది. హుసేనప్ప దాన్ని అరచేతిలో నలిపి చూసి, గుంటకకు ఎద్దులు కట్టడానికి పోయాడు. ఆ తర్వాత వాన ముఖం చూడలేదు. పక్క చేలు నిలువునా ఎండినా, అతని జొన్న సన్నగానైనా గింజ కట్టింది.

కోతలయ్యాక అతను జొన్నల మూట మోసుకుని ఆఫీసుకు వచ్చాడు. నేను ఎదురెళ్లాను. అతను నా భుజం మీదుగా లోపలికి చూశాడు.

"సేనికే రాకుండా సూసిన ఆయమ్మ యాడుందన్నా?"

ఎండలో తవ్వి కాయలు కాసిన చేతులు నావి. ఆమెను చూసి అంత కుళ్లు నాకెప్పుడూ పుట్టలేదు. మేడం ఆ జొన్నల్లో సగం నాకిచ్చింది. తీసుకున్నాను గానీ, ఆ రొట్టె సహించలేదు.

మొన్న వంటింట్లోకి వెళ్లి కోడలి చేతిలో గరిటె ఆపాను. "కలపకముందే చెప్తున్నా, అడుగున ఇంకా తడి ఉంటుంది" అన్నాను. ఆమె తిప్పింది. అడుగున అంతా దుమ్మే.

"అడుగే కదా మామా ముందు కాలేది!" అని నవ్వింది.

రజియా మేడం ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. దేన్నైనా చూడకముందే ఒక మాట చెప్పే అలవాటు నాకు అంటించి పోయింది. అది తప్పిన ప్రతిసారీ ఆమె మీద కుళ్లు మళ్లీ కొత్తగా పుడుతుంది.