తలకిందులైన పదహారు

ఆర్విడ్ హోకన్సన్ కుడి మోకాలు పొద్దుటి నుంచీ కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది. పక్క కుర్చీలో ఆవిడ రెండుసార్లు గట్టిగా నిట్టూర్చింది. అయినా ఆగదే!

కోర్టులో తీర్పు చెప్పే జ్యూరీకి పిలుపు రావడం అతనికిది మూడోసారి. చూపులేని మనిషని మొదటి రెండుసార్లూ, "మీకెందుకండీ శ్రమ" అంటూ ఇంటికి పంపేశారు. అమెరికాలోని ఆ డులూత్ ఊళ్లో జనమంతా నడుంనొప్పి సాకు చెప్పి తప్పించుకునే పనికి ఈయనొక్కడే తహతహలాడుతున్నాడు.

పొద్దున టై సరిచేస్తూ భార్య వెర్నా, "ఈసారీ పంపేస్తే చిన్నబుచ్చుకోకు. సూప్ చేసి పెడతాలే," అంది.

"సూప్ నువ్వే తాగు. నాకు జ్యూరీ కుర్చీ కావాలి."

మంచు తోసే యంత్రం దొంగతనం కేసు. నిందితుడి లాయరు టటిల్ లేచాడు. "చూపుతో ఇబ్బంది ఉన్నవాళ్లు నంబరు కార్డు ఎత్తండి."

ఆర్విడ్ ఎత్తాడు. అతని నంబరు పదహారని గుమస్తా ముందే చెప్పింది.

"ముఖం చూడకుండా సాక్షి అబద్ధం ఎలా పట్టుకుంటారు సార్?"

"పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు కాఫీ కొట్టు నడిపాను బాబూ. ఒక్క డాలరు నోటిచ్చి ఇరవై అని చెప్పేవాడి గొంతు ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. కాఫీలో కూడా నేనంత పంచదార వేసేవాణ్ణి కాను."

గది ఘొల్లుమంది. టటిల్ మాత్రం నవ్వలేదు. కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినబడింది. ఇక సూపే గతి అనుకున్నాడు ఆర్విడ్.

లాయర్లు వద్దన్న నంబర్లు గుమస్తా చదివింది. "నాలుగు, ముప్పై, తొంభై ఒకటి. మీరు వెళ్లొచ్చు."

వెనక వరుసలో ఎవడో "దేవుడున్నాడు!" అంటూ కోటు లాక్కుని పరుగెత్తాడు.

"పదిహేను, పదహారు, జ్యూరీలో కూర్చోండి."

కూర్చున్నాడు. మోకాలు ఆగింది. పదిహేనో నంబరు ఆ నిట్టూర్పుల ఆవిడే. ఆమె అతని చెవిలో గొణిగింది. "మీరు పదహారా? ఇందాక కార్డు తలకిందులుగా పట్టుకున్నట్టున్నారు. 16 తిరగేస్తే 91 కదా, నేనూ తొంభై ఒకటనే చదివాను."

మోకాలు మళ్లీ మొదలైంది. నోరు మూసుకుంటే కుర్చీ తనది. నోరు తెరిస్తే సూప్.

"ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తండి," అంది గుమస్తా.

ఆర్విడ్ లేచి నిలబడ్డాడు. "జడ్జిగారూ, లాయరుగారు పంపాలనుకున్నది నన్ను. నా కార్డు తిరగబడింది. ఆ పోయిన తొంభై ఒకటో నంబరాయన వట్టి అదృష్టవంతుడు."

జడ్జి పెల్కీ గొంతు సవరించుకుంది. "టటిల్‌గారూ, కనబడదనేగా ఈయన్ని వద్దన్నారు? ఇక్కడ నూరుమందికి కళ్లున్నాయి. కార్డు తిరగబడిందని ఒక్కరైనా చెప్పారా? ఇప్పుడు మార్చుకుంటారా?"

టటిల్ పెన్ను బల్లమీద పెట్టిన చప్పుడు వినబడింది.

"వద్దండి. తనమీద తనే చాడీ చెప్పుకున్నవాణ్ణి పంపేసి ఎవర్ని తెచ్చుకోను?"

ఆ గొంతులో పంచదార లేదు. ఆర్విడ్ చెయ్యి ఎత్తి, పక్కావిడ వైపు వంగాడు.

"చూడండమ్మా, ఇదైనా తిన్నగానే ఉందా?"