పీల్చే మందు మీద కొత్త చీటీ

మందుల కొట్టు పెద్దాయనకు ఒక అలవాటుంది. ఏ మందు చేతికొచ్చినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముందు దాని ధర చదువుతాడు. గుప్పెట్లో ఇమిడే ఈ కాస్త వస్తువుకు ఇంతెందుకా అని చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోతాడు. ఆ పొద్దున ఆయన ఉబ్బసం మందు పెట్టెల మీద కొత్త ధర చీటీలు అంటిస్తుంటే, బట్టలు కుట్టే ఆమె ఆయాసపడుతూ మెట్టెక్కింది.

“రెండు పూటలా పీలుస్తున్నావా అమ్మా?”

“ఎక్కడ బాబాయ్! పొద్దున ఒక్కసారే. రెండు పూటలా పీలిస్తే మా ఇంటిల్లిపాదీ గాలే భోంచేయాలి.”

“ఇక ఆ బెంగ లేదు. ఇంత ధరకు మించి అమ్మకూడదని గవర్నమెంటు హద్దు పెట్టింది. సగానికి తగ్గింది.”

ఆమె పెట్టెను అనుమానంగా ఊపి చూసింది. “లోపల మందు కూడా తగ్గించలేదు కదా?” అంటూ గోటితో చీటీ గీకింది. కింద పాత ధర బయటపడింది.

“చూశావా, పెట్టె అదే, మందూ అదే.”

“మరి ఇన్నాళ్లూ అంతెందుకు తీసుకున్నారు?”

“కనిపెట్టడానికి బోలెడు ఖర్చయిందంటారు, పోటీ లేదంటారు. నాకూ పూర్తిగా అంతుపట్టలేదు తల్లీ,” అంటూ ఆయన స్టూలు జరిపాడు. ఆమె కూర్చుని, కళ్లు మూసుకుని, నిండుగా పీల్చింది. కాసేపటికి ఆయాసం తగ్గి భుజాలు దిగాయి.

“అయితే బాబాయ్, రాత్రికి కూడా పీల్చుకోవచ్చన్నమాట,” అంది.